కొత్త టాబ్ వచ్చింది: కొనాలా, ఆగాలా?

2022 అక్టోబరులో ఆపిల్ సంస్థ పదో తరం ఐప్యాడ్‌ను మన దేశంలో 44,900 రూపాయల ప్రారంభ ధరకు విడుదల చేసింది. 2024 మే నెల వచ్చేసరికి అదే పరికరం, అదే 64 జీబీ స్టోరేజితో, 34,900 రూపాయలకు దిగింది. 2025 మార్చిలో దాని తరువాతి తరం వచ్చినప్పుడు ధర అదే 34,900 రూపాయలు, స్టోరేజి మాత్రం రెట్టింపై 128 జీబీ అయింది. 2022లో విడుదలైన వారంలోనే కొన్నవారు పందొమ్మిది నెలల ముందు అందుకున్నందుకు పదివేలు ఎక్కువ చెల్లించారన్నమాట. ఆ పందొమ్మిది నెలల్లో దాని మీద బొమ్మలు గీసి సంపాదించినవారికి, కాలేజీ పాఠాలు చదువుకున్నవారికి ఆ పదివేలు దండుగ కాదు. పెట్టె తెరిచి, నాలుగు సినిమాలు చూసి, ఆపై అలమారలో పెట్టినవారికి మాత్రం 44,900 రూపాయలూ దండుగే. అందువల్ల కొత్త టాబ్ కొనదగినదా కాదా అన్న ప్రశ్నకు జవాబు సగం ఆ టాబ్‌లో ఉంటే, మిగతా సగం కొనేవారి ఇంట్లో ఉంటుంది. ఇంట్లో ఉన్న సగాన్ని ముందు తేల్చుకోవడం మంచిది, ఎందుకంటే దానికి పైసా ఖర్చు లేదు.

ముందు పని, తరువాత పరికరం

ఒక కాగితం తీసుకుని, టాబ్ వస్తే దానితో చేయబోయే పనులను రాయాలి. "చదువుకు", "ఆఫీసుకు" అని ముక్తసరిగా రాస్తే ప్రయోజనం ఉండదు. "గ్రూప్-2 మెటీరియల్ పీడీఎఫ్‌లు రోజూ మూడు గంటలు చదవాలి, అంచుల్లో చేత్తో నోట్సు రాయాలి" అనో, "నాన్నగారు ఉదయం రెండు ఈ-పేపర్లు చదువుతారు, రాత్రి అమెరికాలో ఉన్న మనవరాలితో వీడియో కాల్ మాట్లాడతారు" అనో ఎవరు, ఎప్పుడు, ఎంతసేపు అన్నది తెలిసేలా రాయాలి. రాసిన ప్రతి పని పక్కన మరో మాట చేర్చాలి: ఈ పనిని ఇప్పుడు దేనితో చేస్తున్నాము, అక్కడ ఏమి ఇబ్బంది పడుతున్నాము? ఇబ్బంది అన్న చోట రాయడానికి ఏమీ లేకపోతే, ఆ పనిని టాబ్ కూడా పెద్దగా మార్చదు. ఫోనుతో సరిపోయే పనిని పెద్ద తెర మీద చేయాలన్న కోరిక సాధారణంగా మూడు నాళ్ల ముచ్చటే.

టాబ్ చేయలేని పనులనూ ఈ దశలోనే గుర్తించాలి. సిమ్ లేని టాబ్‌లో యూపీఐ యాప్‌లు సాధారణంగా పనిచేయవు, ఎందుకంటే నమోదు చేసుకునేటప్పుడు ఆ పరికరంలోని సిమ్ నుంచే బ్యాంకుకు ఎస్ఎంఎస్ వెళ్లవలసి ఉంటుంది. సిమ్ వేసే ఐప్యాడ్‌లో కూడా మామూలు ఫోన్ కాల్స్, ఎస్ఎంఎస్‌లు ఉండవు, ఇంటర్నెట్ మాత్రమే నడుస్తుంది. ప్రభుత్వ ఉద్యోగ దరఖాస్తులు, పన్ను రిటర్నులు, ట్యాలీ లెక్కలు, పెద్ద ఎక్సెల్ పట్టికలు వంటివి ఆ జాబితాలో ఉంటే కొనవలసింది టాబ్ కాదు, లాప్‌టాప్. కీబోర్డు తగిలించినంత మాత్రాన టాబ్ లాప్‌టాప్ అయిపోదని, చాలామంది కీబోర్డు కూడా కొన్న తరువాతే గ్రహిస్తారు.

ఈ కాగితాన్ని టాబ్ ప్రకటన చూడకముందే రాయగలిగితే ఇంకా మంచిది. ప్రకటన చూశాక రాస్తే, ఆ టాబ్‌లో ఉన్నవన్నీ మన అవసరాలుగానే కనిపిస్తాయి.

తెర దగ్గర ఆగి చూడవలసినవి

టాబ్ అంటే ముఖ్యంగా తెరే. ఫోనులో తెర బాగా లేకపోయినా కాల్స్ మాట్లాడుకోవచ్చు, టాబ్‌లో తెర బాగా లేకపోతే మిగిలేది ఏమీ లేదు. అయినా ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనిపించేవి అంగుళాలు, హెర్ట్జ్‌లు (తెర మీది బొమ్మ సెకనుకు ఎన్నిసార్లు మారుతుందన్న లెక్క). చదువుకునేవారికి ఈ రెండింటికంటే ముఖ్యమైనవి మరో రెండు ఉన్నాయి. అవి అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు, అంటే బొమ్మను కూర్చే చిన్న చుక్కలు, ఉన్నాయన్నది, తెర పొడవు వెడల్పుల నిష్పత్తి ఎంత అన్నది.

మొదటిదాన్ని ఎవరైనా లెక్కగట్టవచ్చు. తెర పొడవులోని పిక్సెళ్ల సంఖ్యను, వెడల్పులోని సంఖ్యను విడివిడిగా వర్గం చేసి, రెండూ కూడి, వర్గమూలం తీసి, దాన్ని తెర అంగుళాలతో, అంటే మూల నుంచి మూలకు ఉన్న కొలతతో, భాగించాలి. మధ్యతరగతి టాబ్‌లలో తరచూ కనిపించే 1920×1200 పిక్సెళ్ల 11 అంగుళాల తెరకు ఇలా లెక్క చేస్తే అంగుళానికి 206 వస్తుంది. 2360×1640 పిక్సెళ్లున్న ఐప్యాడ్‌కు 264 వస్తుంది. 1340×800 పిక్సెళ్ల 8.7 అంగుళాల చిన్న టాబ్‌కు 179 మాత్రమే. ఇంగ్లీషు చదివేవారికి 206కూ 264కూ మధ్య తేడా అంతగా తెలియకపోవచ్చు. తెలుగు చదివేవారికి తెలుస్తుంది, ఎందుకంటే మన అక్షరం కింద వత్తులు ఉంటాయి, ఆ వత్తులు అసలు అక్షరంలో సగం పరిమాణంలో ఉంటాయి.

మా నాన్నగారి కోసం టాబ్ చూడడానికి వెళ్లినప్పుడు నేను షోరూమ్‌లోని డెమో పీసు మీద మెరుస్తూ తిరుగుతున్న కంపెనీ వీడియోను ఆపి, ఒక తెలుగు దినపత్రిక ఈ-పేపరులో జిల్లా పేజీని తెరిచాను. పేజీ మొత్తం తెరలో ఇమిడినప్పుడు శీర్షికలు తప్ప ఏమీ చదవలేము, అది ఏ టాబ్‌లోనైనా అంతే. ఒక వార్తను రెండు వేళ్లతో పెద్దది చేసి, "రాష్ట్రం" అన్న మాట దగ్గర ఆగాను. ష కింద ట వత్తు, దాని చుట్టూ ర వత్తు. తక్కువ పిక్సెళ్ల తెర మీద ఆ మూడూ కలిసి ఒక నల్లని ముద్దలా కనిపించాయి. మరికాస్త పెద్దది చేస్తే విడిపోయాయి కానీ, అప్పటికి వార్త కాలమ్ తెర దాటి బయటికి పోయి, ప్రతి పంక్తికీ పేజీని పక్కకు లాగవలసి వచ్చింది. పక్క బల్ల మీద ఉన్న రెండో టాబ్‌లో కాలమ్ మొత్తం కనిపిస్తూనే వత్తులు విడివిడిగా తెలిశాయి. ఈ-పేపరు ఒక బొమ్మ కాబట్టి దాని నాణ్యతకూ ఒక హద్దు ఉంటుందన్నది నిజమే. అయినా ఒకే వార్తను రెండు తెరల మీద పక్కపక్కన చూసినప్పుడు కనిపించే తేడా ఆ తెరలదే.

నిష్పత్తి సంగతి ఇంకా ఆసక్తికరమైనది. 16:10 నిష్పత్తి తెర సినిమాకు అనుకూలంగా పొడుగ్గా ఉంటుంది. 2023లో వన్‌ప్లస్ తన మొదటి టాబ్‌కు 7:5 నిష్పత్తి ఎంచుకుంది. ఐప్యాడ్ తెర కూడా దానికి దగ్గరగానే ఉంటుంది. ఏ4 కాగితం నిష్పత్తి సుమారు 1.41, 7:5 అంటే 1.4. ఒకే 11 అంగుళాల పరిమాణంలో ఏ4 పేజీని నిలువుగా పెట్టి చూస్తే, 16:10 తెర మీద అక్షరం అసలు పరిమాణంలో సుమారు 70 శాతం ఉంటుంది, 7:5 తెర మీద 76 శాతం ఉంటుంది. అదే సినిమా పెడితే 7:5 తెర మీద బొమ్మ వెడల్పు తగ్గేది అర అంగుళం లోపే. పీడీఎఫ్‌లు చదవడానికే టాబ్ కొనేవారు అంగుళాలు పెరిగాయా అని కాకుండా నిష్పత్తి ఏమిటని అడగడం ఇందుకే మంచిది. రోజుకు మూడు గంటలు చదివేవారికి ఆ ఆరు శాతం కళ్లకు తెలుస్తుంది.

పెన్నుతో రాసే ఉద్దేశం ఉంటే తెర పైగాజుకూ లోపలి ప్యానెలుకూ మధ్య ఖాళీ ఉందో లేదో చూడాలి. చవక టాబ్‌లలోనే కాదు, ప్రారంభ స్థాయి ఐప్యాడ్‌లో కూడా ఈ రెండూ అతికించి ఉండవు. పెన్ను మొన ఒకచోట ఆనితే గీత దానికి వెంట్రుకవాసి లోపల పడినట్టు కనిపిస్తుంది. కొందరికి రెండు రోజుల్లో అలవాటైపోతుంది, బొమ్మలు గీసేవారికి అలవాటు కాదు. 90, 120 హెర్ట్జ్‌ల విషయం మాత్రం ఉంటే మంచిదే, లేకపోతే కొంప మునగదు.

లోపల ఏముంది

కొత్తగా విడుదలైన టాబ్ అంటే దాన్ని నడిపించే చిప్, అంటే ప్రాసెసరు, కూడా కొత్తదని అర్థం కాదు. 2023లో మన దేశానికి వచ్చిన షావోమీ ప్యాడ్ 6లో స్నాప్‌డ్రాగన్ 870 ఉంది. ఆ చిప్ 2021 జనవరిలో వచ్చింది, దానికి మూలమైన 865 అంతకంటే ముందు 2019 డిసెంబరు నాటిది. అయినా అది ఆ ధరకు మంచి టాబ్‌గానే నిలిచింది, ఎందుకంటే 870 ఒకప్పటి అగ్రశ్రేణి చిప్. మరోవైపు మీడియాటెక్ హీలియో జీ99 చిప్ 2022లో వచ్చింది. 2024లో వచ్చిన జీ100 పేరు మారినా సత్తాలో దాదాపు అదే. అందువల్ల పెట్టె మీది అంకె పెరిగిందా అని చూడకుండా, ఆ చిప్ ఏ సంవత్సరంలో, ఏ శ్రేణిలో వచ్చిందో వెతకాలి. పాతబడిన పై శ్రేణి చిప్, కొత్తగా వచ్చిన కింది శ్రేణి చిప్ కంటే చాలాసార్లు మెరుగు.

ర్యామ్ (నడుస్తున్న పనులను టాబ్ తాత్కాలికంగా ఉంచుకునే చోటు) దగ్గర ఒక గారడీ నడుస్తోంది. "8+8 జీబీ" అని రాసి ఉంటే అందులో రెండో ఎనిమిది ర్యామ్ కాదు. స్టోరేజిలో కొంత భాగాన్ని ర్యామ్‌లా వాడుకోవడానికి కేటాయించడం అది. స్టోరేజి ర్యామ్ కంటే ఎన్నో రెట్లు నెమ్మది. కూడిక గుర్తుకు ముందున్న అంకెను మాత్రమే లెక్కలోకి తీసుకోవాలి. ఆండ్రాయిడ్ టాబ్‌ను నాలుగేళ్లు వాడాలనుకునేవారు నిజమైన 6 జీబీ కంటే తక్కువకు దిగకూడదని నా అభిప్రాయం.

స్టోరేజిలో జీబీల కంటే రకం ముఖ్యం, అమ్మకందారు చెప్పనిదీ అదే. ఈఎమ్ఎమ్‌సీ, యూఎఫ్ఎస్ అని రెండు రకాలు ఉన్నాయి. ఈఎమ్ఎమ్‌సీ ఒకే వరుస ఉన్న వంతెన లాంటిది, ఒకసారి చదవడమో రాయడమో ఏదో ఒకటే చేయగలదు. యూఎఫ్ఎస్‌లో రెండూ ఒకేసారి సాగుతాయి, వేగం కూడా చాలా ఎక్కువ. కొన్న మొదటి నెలలో ఈ తేడా కనబడదు. స్టోరేజి సగం నిండి, వాట్సాప్ బ్యాకప్, యాప్‌ల అప్‌డేట్లు వెనక నడుస్తుండగా పీడీఎఫ్ తెరవబోయినప్పుడు కనబడుతుంది. "ఏడాదిన్నరకే స్లో అయిపోయింది" అని వాపోయేవారి టాబ్‌లను పరిశీలిస్తే చాలావాటిలో ఈఎమ్ఎమ్‌సీయే ఉంటుంది. కంపెనీ తన వివరాల పట్టికలో రకం రాయకుండా "128 జీబీ" అని మాత్రమే రాస్తే, అది యూఎఫ్ఎస్ అయ్యే అవకాశం తక్కువని అనుకోవచ్చు, ఎందుకంటే ఉన్న గొప్పను ఎవరూ దాచుకోరు.

లోపలి సత్తాను పట్టించుకోకుండా ధర ఒక్కటే చూస్తే ఏమవుతుందో దేశం ఒకసారి చూసింది. 2011 అక్టోబరు 5న అప్పటి కేంద్ర మంత్రి కపిల్ సిబల్ ఆవిష్కరించిన ఆకాశ్ టాబ్‌ను హైదరాబాదులోనే కూర్చారు. ప్రభుత్వానికి పడిన ధర 2,276 రూపాయలు, ప్రపంచంలోకెల్లా చవక అని పత్రికలన్నీ రాశాయి. అందులో ఉన్నది 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు, 256 ఎంబీ ర్యామ్, వేలితో గట్టిగా నొక్కితే గాని స్పందించని రెసిస్టివ్ తెర. ఆశయం మంచిదే, కానీ ఆ తెర మీద పాఠం చదవడానికి విద్యార్థికి కావలసింది ఓర్పు. ఇప్పటి చవక టాబ్‌లు దానితో పోల్చదగినవి కావు గాని, "ఈ ధరకు ఇంత వస్తోందా" అన్న ఆశ్చర్యం కలిగిన ప్రతిసారీ, ఏది తగ్గిస్తే ఆ ధరకు వచ్చిందో వెతకాలి.

ఎన్నేళ్లు బతుకుతుంది

టాబ్‌లను జనం ఫోన్ల కంటే ఎక్కువ కాలం వాడతారు. కాబట్టి ఆండ్రాయిడ్ కొత్త వెర్షన్లు ఎన్ని, భద్రతా అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తామని కంపెనీ రాతపూర్వకంగా చెప్పిందో చూడాలి. శాంసంగ్ 2024లో తెచ్చిన గెలాక్సీ టాబ్ ఎస్10 శ్రేణికి ఏడేళ్ల హామీ ఇచ్చింది. ఆపిల్ ముందుగా సంఖ్య చెప్పకపోయినా, 2019 నాటి ఏడో తరం ఐప్యాడ్‌ను 2025 సెప్టెంబరులో వచ్చిన ఐప్యాడ్ఓఎస్ 26 (ఐప్యాడ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) వరకు వదిలేయలేదు. అంటే ఆరేళ్లు. చాలా చవక టాబ్‌లకు ఒక వెర్షన్, రెండేళ్ల భద్రతా అప్‌డేట్లు దాటవు, కొన్నింటికి ఆ మాట కూడా ఉండదు. ఇంకొక సంగతి, ఈ లెక్క మనం కొన్న రోజు నుంచి కాక, ఆ మోడల్ విడుదలైన రోజు నుంచి మొదలవుతుంది. ఏడాది తరువాత తగ్గింపు ధరకు కొన్నవారికి ఒక సంవత్సరం అప్పటికే ఖర్చయిపోయి ఉంటుంది.

ధరను సంవత్సరాలతో భాగించి చూస్తే అసలు చవక ఏదో తెలుస్తుంది. 13,000 రూపాయల టాబ్ రెండేళ్లకు విసుగు పుట్టిస్తే ఏడాదికి 6,500 పడింది. 34,900 రూపాయల టాబ్ ఆరేళ్లు నడిస్తే ఏడాదికి సుమారు 5,800. అయితే ఈ లెక్కలో ఆరేళ్లూ దాన్ని వాడతామన్న నమ్మకం ఇమిడి ఉంది, ఆ నమ్మకానికి ఆధారం మొదట రాసుకున్న కాగితమే. ఐదో తరగతి పిల్లవాడి చేతికి ఇచ్చే టాబ్‌కు నేను ఈ లెక్క వేయను. అది కింద పడే రోజు అప్‌డేట్లు ఆగే రోజు కంటే ముందే వస్తుంది.

ధర తడిసి మోపెడయ్యే చోటు

ప్రకటనలో టాబ్ బొమ్మ పక్కన పెన్ను, కీబోర్డు కూడా ఉంటాయి, కింద చిన్న అక్షరాలతో "విడిగా అమ్మబడును" అని ఉంటుంది. 2025 నాటి ప్రారంభ స్థాయి ఐప్యాడ్ 34,900. దానికి తెర మీద రాసే యూఎస్‌బీ-సీ పెన్సిల్ 7,900, మ్యాజిక్ కీబోర్డ్ ఫోలియో 24,900. మూడూ కలిపితే 67,700 రూపాయలు, అంటే టాబ్ ధరకు దాదాపు రెట్టింపు. పైగా ఆ పెన్సిల్‌కు ఒత్తిడిని బట్టి గీత మందం మార్చే గుణం లేదు. అదే సమయంలో శాంసంగ్ టాబ్ ఎస్ శ్రేణిలోని టాబ్‌లకు ఎస్ పెన్ అనే పెన్ను పెట్టెలోనే వస్తోంది. రెండు టాబ్‌లను పోల్చేటప్పుడు వట్టి టాబ్ ధరలను కాక, మన పనికి సిద్ధమైన స్థితిలో ఉన్న ధరలను పోల్చాలి: టాబ్, పెన్ను, పౌచ్, తెరకు అంటించే గ్లాసు, పెట్టెలో లేకపోతే ఛార్జరు.

ఇందులో నాకూ ఒక దెబ్బ తగిలింది. మా అక్క కూతురు పోటీ పరీక్షలకు చదువుతోందని ఒక టాబ్‌ను విడుదలైన మొదటి వారంలోనే కొని ఇచ్చాను. పెన్ను "త్వరలో" వస్తుందన్నారు, రెండు నెలలు రాలేదు. ఆ లోగా వేరే కంపెనీ పెన్ను ఒకటి కొంటే, అరచెయ్యి తెర మీద ఆనగానే గీతలు పడేవి. పౌచ్ కోసం ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్ అంతా తిరిగాను. ప్రతి దుకాణంలోనూ పక్క మోడల్‌ది చూపించి "ఇదే సరిపోతుంది సార్" అన్నారు, ఏదీ కెమెరా కన్నం దగ్గర సరిపోలేదు. పరీక్ష నోట్సు ఆ అమ్మాయి చివరికి మామూలు లాంగ్ నోట్‌బుక్‌లోనే రాసింది. అప్పటి నుంచి నేను పాటిస్తున్న నియమం ఏమిటంటే, ఆ మోడల్‌కు పౌచ్, గ్లాసు, పెన్ను ఈ రోజు చేతికి అందుతున్నాయా అని చూశాకే టాబ్ వైపు చూడడం.

విడుదల రోజున చూపించే ధర కూడా నిజంగా మనకు పడే ధర కాదు. అందులో ఫలానా బ్యాంకు కార్డు తగ్గింపు, పాత పరికరం మార్పిడి బోనస్ కలిసి ఉంటాయి. ఆ కార్డు లేనివారు, మార్చుకోవడానికి పాతది లేనివారు ఆ రెండూ తీసివేసి లెక్క చూసుకోవాలి. వడ్డీ లేని వాయిదాల పథకంలో వడ్డీని తగ్గింపుగా తిరిగి ఇచ్చినా, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, బ్యాంకు ప్రాసెసింగ్ రుసుము సాధారణంగా మన మీదే పడతాయి. జీఎస్టీ నమోదు ఉన్న వ్యాపారులు, కన్సల్టెంట్లు తమ నంబరుతో బిల్లు తీసుకుంటే టాబ్ మీది 18 శాతాన్ని క్రెడిట్‌గా పొందే వీలుంది. 34,900 రూపాయల టాబ్‌లో ఆ పన్ను 5,300 పైచిలుకు ఉంటుంది.

అమెరికా నుంచి వచ్చేవారితో తెప్పించుకోవడం మన ఇళ్లలో మామూలే. డాలరు ధరకు అక్కడి అమ్మకపు పన్ను కలిపి, ఆ రోజు మారకంతో గుణించి చూస్తే మిగిలేది చాలాసార్లు రెండు మూడు వేలకు మించదు. సిమ్ వేసే మోడల్ అయితే ఇక్కడ వారంటీ చెల్లుతుందో లేదో ముందే కనుక్కోవాలి. పిల్లల కోసమని అక్కడ చవకగా దొరికే అమెజాన్ ఫైర్ టాబ్‌లు తెస్తుంటారు. వాటిలో గూగుల్ ప్లే స్టోర్ ఉండదు కాబట్టి ఇక్కడి స్కూలు చెప్పిన యాప్ దొరకక తల పట్టుకోవలసి వస్తుంది.

సమీక్షలను చదివే తీరు

విడుదల రోజునే వచ్చే సమీక్షల్లో ఎక్కువ భాగం కంపెనీ పంపిన పీసును కొద్ది రోజులు వాడి చెప్పినవి. అవి అబద్ధాలు కానవసరం లేదు. తెర, స్పీకర్లు, బరువు, పెట్టెలో ఏముంది అన్నంత వరకు వాటిని నమ్మవచ్చు. బ్యాటరీ నాలుగు నెలల తరువాత ఎలా ఉంటుంది, మొదటి పెద్ద అప్‌డేట్ తరువాత హ్యాంగ్ అవుతోందా, వై-ఫై పడిపోతోందా అన్న ప్రశ్నలకు వాటిలో జవాబు ఉండే అవకాశమే లేదు. అందుకే తప్పనిసరి తొందర లేనివారు ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగడం మేలు. ఆ సమయంలో కొన్నవారి అభిప్రాయాల్లో ఐదు నక్షత్రాలనూ, ఒక్క నక్షత్రాన్నీ పక్కన పెట్టి, మూడు నక్షత్రాలు ఇచ్చినవారు రాసినవి చదవాలి. వారికి టాబ్ మీద ప్రేమా ఉండదు, పగా ఉండదు. ఒకే లోపం వేర్వేరు ఊళ్ల నుంచి ఐదారుగురు రాస్తే అది ఒక్క పీసు లోపం కాదని గ్రహించాలి.

సర్వీసు సంగతి కూడా ఇప్పుడే చూడాలి. హైదరాబాదు, విజయవాడల్లో ఉండేవారికి ఏ కంపెనీ టాబ్ అయినా ఎక్కడో ఒకచోట ఇచ్చి రావచ్చు. శ్రీకాకుళంలోనో ఆదిలాబాదులోనో ఉండేవారు మాత్రం దగ్గరలోని అధీకృత సర్వీసు సెంటరుకు ఒకసారి ఫోన్ చేసి, ఫోన్లు మాత్రమే చూస్తారా, టాబ్‌లు కూడా చూస్తారా, ఈ మోడల్ తెర మార్చడానికి ఎంత అవుతుంది అని అడగాలి. వచ్చే జవాబును బట్టే ఆ కంపెనీ టాబ్‌లను ఎంత పట్టించుకుంటోందో తెలిసిపోతుంది.

షోరూమ్‌లో పావుగంట

ఆన్‌లైన్‌లో కొనేవారు కూడా ఒకసారి షోరూమ్‌కు వెళ్లి చేతిలోకి తీసుకోవడం అవసరం. ఒక చేత్తో ఐదు నిమిషాలు పట్టుకుని చదవాలి. 480 గ్రాములు అంకెగా తేలికే, మంచం మీద వెల్లకిలా పడుకుని పట్టుకున్నప్పుడు కాదు. మన ఫైళ్లతో ఉన్న పెన్‌డ్రైవ్ తగిలించనిస్తే 300 పేజీల స్కాన్ పీడీఎఫ్ ఒకటి తెరిచి, గబగబా పేజీలు తిప్పాలి. పేజీ తెల్లగా ఉండిపోయి అక్షరాలు ఎంతసేపటికి వస్తున్నాయో గమనించాలి. అది టాబ్ వేగాన్ని అంకెల్లో చెప్పే పరీక్షల ఫలితాల కంటే నమ్మదగినది. తరువాత ట్యూబ్‌లైటు కిందికి తీసుకువెళ్లి, వెలుగును సగానికి తగ్గించి, తెరలో మన ముఖం ఎంత కనిపిస్తోందో చూడాలి. టాబ్ అడ్డంగా పెట్టినప్పుడు ముందు కెమెరా పై అంచు మధ్యలో ఉందా అన్నది వీడియో కాల్స్ మాట్లాడేవారికి ముఖ్యం. పక్క అంచున ఉంటే ఎప్పుడూ ఎటో చూస్తూ మాట్లాడుతున్నట్టు అవతలివారికి కనిపిస్తాము.

ఆండ్రాయిడ్ టాబ్‌లో ఓటీటీ సినిమాలు చూసేవారు వైడ్‌వైన్ (సినిమాలు కాపీ కాకుండా చూసే గూగుల్ ఏర్పాటు) స్థాయి ఏమిటో తప్పక చూసుకోవాలి. ఎల్1 ఉంటేనే నెట్‌ఫ్లిక్స్ వంటివి హెచ్‌డీలో వస్తాయి. ఎల్3 మాత్రమే ఉంటే తెర ఎంత గొప్పదైనా బొమ్మ మసకగానే ఉంటుంది. యూట్యూబ్‌లో ఈ తేడా తెలియదు కాబట్టి డెమో పీసు మీద యూట్యూబ్ వీడియో చూసి మురిసిపోకూడదు. కారులో దారి చూపడానికి టాబ్ వాడాలనుకుంటే, వై-ఫై ఐప్యాడ్‌లలో జీపీఎస్ ఉండదన్నది గుర్తుంచుకోవాలి.

నిర్ణయం

ఇంతా చూశాక కాగితం మీది పనుల పక్కన ఈ టాబ్ తీరుస్తుంది, తీర్చదు అని గుర్తు పెట్టుకుంటూ పోవాలి. రోజూ చేసే పనుల్లో ఒక్కదాని దగ్గర "తీర్చదు" అని వచ్చినా, మిగతా పది గుణాలు దాన్ని పూడ్చలేవు. నెలకోసారి చేసే పని దగ్గర వస్తే సర్దుకోవచ్చు. తరువాత అదే కంపెనీ కిందటి సంవత్సరం మోడల్‌ను పక్కన పెట్టి, కొత్తదానిలో పెరిగినవి మన కాగితం మీద ఉన్న పనులకు ఏమైనా తోడ్పడతాయా అని చూడాలి. చిప్ మారి, కెమెరా మారి, తెర మారకపోతే, పుస్తకాలు చదివేవారికి పాత మోడలే సరైన కొనుగోలు, దానికి అప్‌డేట్లు ఇంకా మూడేళ్లయినా మిగిలి ఉంటే. దసరా దీపావళి అమ్మకాలు ఒకటి రెండు నెలల్లో ఉన్నాయంటే ఆగడమే లాభం.

వెంటనే కొనవలసిన సందర్భాలూ ఉన్నాయి. ఉన్న టాబ్ పూర్తిగా పాడైపోయి పని ఆగిపోయినప్పుడు, తరగతులు వచ్చే వారమే మొదలవుతున్నప్పుడు, కొత్త మోడల్ పాతదాని ధరకే వచ్చి పాతది ఇంకా తగ్గనప్పుడు ఆగడంలో అర్థం లేదు. 34,900కే రెట్టింపు స్టోరేజితో వచ్చిన 2025 నాటి ఐప్యాడ్ అటువంటిదే. ఆపిల్ ఇంటెలిజెన్స్ అనే కృత్రిమ మేధ సదుపాయం దానికి లేదని చాలామంది పెదవి విరిచారు గాని, పీడీఎఫ్ చదివి నోట్సు రాసుకునే విద్యార్థికి దానితో పోయేది ఏమీ లేదు.

కొన్న తరువాత పెట్టె తెరిచేటప్పుడు సీలు కనిపించేలా ఆపకుండా వీడియో తీయాలి. ఆన్‌లైన్‌లో కొన్నప్పుడు మార్పిడికి ఇచ్చే గడువు చాలాసార్లు ఏడు రోజులే, అది కూడా లోపం నిరూపిస్తేనే. కాబట్టి ఆ వారంలోనే తెల్లని, నల్లని బొమ్మలు తెర నిండా పెట్టి చుక్కలు, అంచుల్లో వెలుగు మరకలు ఉన్నాయేమో చూడాలి. వేలితో తెర మూలమూలా గీత గీసి, ఎక్కడైనా తెగుతోందా అని పరీక్షించాలి. అన్ని స్పీకర్లూ మోగుతున్నాయో లేదో వినాలి, రాత్రి పడుకునేటప్పుడు ఛార్జింగ్ ఎంత ఉందో రాసుకుని ఉదయం ఎంత తగ్గిందో చూడాలి. వై-ఫై ఆపి ఉంచితే రాత్రికి రెండు మూడు శాతానికి మించి దిగకూడదు. పది శాతం దిగితే మరో రాత్రి చూసి, అప్పటికీ అలాగే ఉంటే ఎనిమిదో రోజు దాకా ఆగకుండా మార్పిడి కోరాలి.